చల్లగా ఉంచమని రాసి ఎండలో పంపిన ప్రోబయోటిక్ క్యాప్సూల్స్ గురించి

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

నేను భీమవరం దగ్గర వనామీ రొయ్యల చెరువులు చేసే రైతుని. మే రెండో వారంలో మా అమ్మ కోసం మీ దగ్గర 30 క్యాప్సూల్స్ సీసా ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించాను. ఖరీదు 890 రూపాయలు. బిల్లు, ఫోటోలు జత చేశాను.

మూత్రంలో ఇన్‌ఫెక్షన్‌కని అమ్మ యాంటీబయాటిక్ వాడింది. మూడో రోజు నుంచి విరేచనాలు పట్టుకున్నాయి. యాంటీబయాటిక్‌కి పేగుల్లో మంచి బ్యాక్టీరియా, చెడ్డ బ్యాక్టీరియా తేడా ఉండదని, కావాలంటే ఓ వారం ప్రోబయోటిక్, అంటే బతికున్న మంచి బ్యాక్టీరియా ఉన్న క్యాప్సూల్స్, వాడి చూడమని డాక్టరు గారు చెప్పారు.

మీ సీసా మీద '2–8 డిగ్రీల మధ్య ఉంచాలి' అని ఉంది. పార్శిల్ మా ఊరు చేరడానికి ఐదు రోజులు పట్టింది. అట్టపెట్టె విప్పితే, లోపల ఐస్ ప్యాక్ మధ్యాహ్నం గట్టు మీద వదిలేసిన నీళ్ల సీసాలా వెచ్చగా ఉంది. ఫోన్ చేస్తే మీ కస్టమర్ కేర్ అమ్మాయి, 'బయట ఉన్నా ఏమీ కాదు సార్' అంది. మరి ఆ 2–8 ఎందుకు రాశారండీ? లేబుల్ నమ్మాలా, ఫోన్ నమ్మాలా?

ప్రోబయోటిక్ నాకు కొత్త కాదు. మేము చెరువులకు వేస్తాం. రాత్రి డ్రమ్ములో బెల్లం, తవుడు కలిపి, పొడి వేసి, గాలి పైపు పెడితే తెల్లారేసరికి నురగ కట్టి పులిసిన వాసన కొడుతుంది. ఆ వాసన రాలేదంటే సరుకు చచ్చిందని లెక్క, షాపుకి తిప్పి పంపేస్తాం. బ్లీచింగ్ బ్యాక్టీరియాని చంపేస్తుంది కాబట్టి, అది చల్లిన నీళ్లలో వెంటనే ప్రోబయోటిక్ వెయ్యకూడదని మా చెరువు కాపలా కుర్రాడికి కూడా తెలుసు. అలాగే యాంటీబయాటిక్‌కీ మీ క్యాప్సూల్‌కీ మధ్య రెండు గంటలైనా ఎడం ఉండాలని డాక్టరు గారు చెప్పబట్టి తెలిసింది గానీ, మీ కాగితంలో ఆ ముక్కే లేదు. బరువు తగ్గుతుంది, మతిమరుపు పోతుంది లాంటివి మాత్రం రంగురంగుల్లో ఉన్నాయి.

మా ఆవిడ ఊరుకోక రెండు క్యాప్సూల్స్ విప్పి గోరువెచ్చని పాలలో కలిపింది. పొద్దుటికి పాలు పాలలాగే ఉన్నాయి. లాక్టోబాసిల్లస్ బ్యాక్టీరియాలో కొన్ని రకాలు పాలను తోడుపెట్టవని నాకూ తెలుసు, దాన్ని రుజువుగా చూపించను. కానీ మీది ఏ రకమో చూద్దామంటే సీసా మీద ఉత్త 'లాక్టోబాసిల్లస్' అనే ఉంది. జాతి లేదు, స్ట్రెయిన్ (జాతిలో ఉపరకం) లేదు. 'ఎమ్‌టీయూ' అని మాత్రమే రాసిన వరి విత్తన బస్తా మా డెల్టాలో ఎవరైనా కొంటారా? ఎమ్‌టీయూ 1010 వేరు, స్వర్ణ అనే ఎమ్‌టీయూ 7029 వేరు. ప్రోబయోటిక్ కూడా అంతే, ఒక స్ట్రెయిన్‌కి ఉన్న గుణం పక్కదానికి ఉండాలని లేదు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎమ్‌ఆర్), కేంద్ర బయోటెక్నాలజీ విభాగం (డీబీటీ) 2011లో ఇచ్చిన మార్గదర్శకాలు స్ట్రెయిన్ పేరు, గడువు తీరేనాటికి బతికి ఉండే బ్యాక్టీరియా సంఖ్య లేబుల్ మీద ఉండాలంటున్నాయి. మీరేమో 500 కోట్ల బ్యాక్టీరియా అని పెద్దక్షరాల్లో వేసి, కింద చీమతలకాయంత అక్షరాల్లో 'తయారీ సమయంలో' అన్నారు. చేసిననాడు ఎన్ని ఉంటే మా అమ్మకేం? మింగేనాడు ఎన్ని ఉన్నాయో చెప్పండి.

న్యాయంగా ఒక మాట. అమ్మకి ఓఆర్‌ఎస్, గంజి, పల్చటి మజ్జిగతో నాలుగు రోజులకు తగ్గింది. మీ క్యాప్సూల్స్ వల్ల జబ్బు పెరిగిందని నేను అనడం లేదు. బతికున్న సరుకని డబ్బు తీసుకుని, దాన్ని బతికించి పంపే బాధ్యత వదిలేశారన్నదే నా ఫిర్యాదు.

నా 890 రూపాయలు వెనక్కి ఇవ్వండి. ఆ బ్యాచ్‌లో జీవకణాల పరీక్ష రిపోర్టు, స్ట్రెయిన్ పేరు రాతపూర్వకంగా పంపండి. చల్లగా పంపే ఏర్పాటు లేకపోతే ఎండాకాలం మా వైపు ఆర్డర్లు తీసుకోకండి. 15 రోజుల్లో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను, అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను.

అమ్మ వాడినవి, పాలలో కలిపినవి పోగా మిగిలిన 24 క్యాప్సూల్స్ మా ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన ఉన్నాయి. పరీక్షకి కావాలంటే పంపుతాను, ఐస్ పెట్టె మాత్రం మీరే పంపాలి.

ఇట్లు,
మీ కొనుగోలుదారు,
భీమవరం మండలం, పశ్చిమ గోదావరి జిల్లా