శీనూకి, ఆ క్లైన్ సైకిల్ సంగతి

ఒరేయ్ శీనూ,

ఆ పాత సైకిల్ ఎంత చేస్తుందని అడిగిన నీ మెయిల్‌కి ఇన్నాళ్ళూ జవాబు రాయలేదని తిట్టుకుంటూ ఉంటావు, క్షమించు. ఇక్కడ అందరం కులాసా. అమ్మ మోకాలు నయం, చిన్నోడికి పరీక్షలు. మిగతా కబుర్లు ఇంకోసారి. నీ ఫోటోలు చూశాక ఇంకేదీ రాయబుద్ధి కావట్లేదు. మీ పక్కింటి పెద్దాయన గ్యారేజీలో దుమ్ముకొట్టుకుపోతున్నది క్లైన్ కంపెనీ మౌంటెన్ బైక్, యాటిట్యూడ్ రా!

గ్యారీ క్లైన్ లావుపాటి అల్యూమినియం గొట్టాలతో ఫ్రేములు కట్టి పేరు తెచ్చుకున్నవాడు. మీ రెడ్మండ్ నుంచి ఐ-5 హైవే మీద దక్షిణంగా వెళ్తే వచ్చే చెహేలిస్‌లోనే ఫ్యాక్టరీ. అయితే ఫ్రేము మీద ఆ ఊరి పేరు చూసి పొంగిపోకు. 1995లో కంపెనీని ట్రెక్ అనే పెద్ద సైకిల్ కంపెనీ కొనేసింది, ఆ తర్వాత కూడా 2002 దాకా ఫ్యాక్టరీ అక్కడే నడిచింది. కలెక్టర్లు ఎగబడేది ట్రెక్ రాకముందువాటికి. కాబట్టి ముందు సంవత్సరం తేల్చాలి. పాత కేటలాగుల స్కాన్లు నెట్‌లో ఉన్నాయి. రంగు, డ్రాపవుట్ల (చక్రం ఇరుసు కూర్చునే గాళ్ళ) ఆకారం, కేబుళ్ళు ఫ్రేములోకి దూరే చోటు, ఈ మూడూ ఏ సంవత్సరం బొమ్మతో కలుస్తాయో చూడు.

తర్వాత గేర్ల సామాను. గేర్లు తయారుచేసే షిమానో కంపెనీ భాగాల వెనకవైపు రెండక్షరాల కోడ్ ఉంటుంది. మొదటిది సంవత్సరం: A అంటే 1976, అక్కడి నుంచి ఏడాదికో అక్షరం. రెండోది నెల: A జనవరి, L డిసెంబర్. అంటే PC కనిపిస్తే 1991 మార్చి. ఫ్రేము 1991ది అయి డీరెయిలర్ (చెయిన్‌ని గేరు మార్చే భాగం) మీద మొదటి అక్షరం R ఉంటే అది 1993లో తయారైంది, తర్వాత మార్చారన్నమాట. మార్చినంత మాత్రాన పనికిరాదని కాదు, కానీ 'అంతా ఒరిజినలే' అని అమ్మితే అబద్ధం.

ఇప్పుడు అసలు సంగతి. నీ మూడో ఫోటోలో ముందు సస్పెన్షన్ ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టుకునే, కుదుపులు తట్టుకునే స్ప్రింగు కాడ) ఉంది. ఫ్యాక్టరీ నుంచే సస్పెన్షన్‌తో వచ్చినవీ ఉన్నాయి కాబట్టి కేటలాగు చూడకుండా తీర్పు చెప్పను. కానీ తొంభైల్లో చాలామంది రిజిడ్ ఫోర్క్ (స్ప్రింగు లేనిది) పీకేసి సస్పెన్షన్ పెట్టించుకున్నారు. ఆ పీకేసిన ఫోర్క్, దాంతోపాటు హ్యాండిల్‌బార్, దాన్ని ఫ్రేముకి కలిపే స్టెమ్ కలిపి ఒకే ముక్కగా వెల్డ్ చేసిన మిషన్ కంట్రోల్... ఇవి ఫ్రేముతో పాటే ఒకే రంగులో పెయింట్ చేసినవి. మళ్ళీ విడిగా దొరకడం గగనం, దొరికినా ఆ రంగులో దొరకదు. నా లెక్కలో అవి లేకపోతే సగం విలువ పోయినట్టే. పెద్దాయన్ని వెంటనే అడుగు: అటక మీద, పాత పెట్టెల్లో ఎక్కడైనా ఉందా అని! దొరికితే బార్ చివర్లు కొలువు, రెండువైపులా సమానంగా ఉండాలి. ఇరుకు దారుల కోసం కోసేసుకునేవాళ్ళు, కోసిన బార్‌కి ధర పడిపోతుంది.

పెయింట్. ఆ మెరిసే గులాబీ, నారింజ రంగులు ఎండకి వెలిసిపోతాయి. ముందువైపు డీరెయిలర్‌ని ఫ్రేముకి బిగించే క్లాంప్ కొంచెం వదులు చేసి కింద దాగిన రంగు చూడు, పైదాంతో పోల్చు. ఎంత వెలిసిందో అక్కడే తెలుస్తుంది. గీతలున్నా పర్లేదు. రీపెయింట్ మాత్రం వద్దు, వద్దు, వద్దు. నువ్వు చేయించేవాడివే, నాకు తెలుసు!

కుడి చెయిన్‌స్టే (పెడల్స్ దగ్గర్నుంచి వెనక చక్రం దాకా పోయే గొట్టం) మీద చెయిన్ ఇరుక్కుని కోసిన గాట్లు ఉంటాయి. గోరు తగిలేంత లోతుంటే ధర గట్టిగా తగ్గించాలి, అది పలచని అల్యూమినియం. కేబుల్ రంధ్రాల చుట్టూ పెయింట్ పొక్కులు లేస్తే లోపల తుప్పు మొదలైనట్టే. హెడ్ ట్యూబ్ (ఫోర్క్ దూరే ముందు గొట్టం) వెల్డుల దగ్గర సన్నటి గీత ఉంటే గీతా, పగులా అని లెన్స్ పెట్టి చూడాలి. పగులైతే అది గోడకి తగిలించుకునే బొమ్మే. సీట్‌పోస్ట్ (సీటు కింది కడ్డీ) కదులుతుందో లేదో తిప్పి చూడు. కదలకపోతే సుత్తి జోలికి పోకు.

బాటమ్ బ్రాకెట్ (పెడల్స్ ఇరుసు తిరిగే చోటు) బేరింగులు తిరిగేటప్పుడు గరగరలాడితే ఆ ఖర్చు కూడా తగ్గించు. మామూలు మరల పద్ధతి కాదు దీనిది. బేరింగులు నేరుగా ఫ్రేములోకి ప్రెస్ చేసి అంటించినవి, తీయడానికి ప్రత్యేక పనిముట్లు కావాలి. వీధి చివర షాపుకి ఇస్తే ఫ్రేమే పోతుంది.

ధరకి 'అడిగినవి' చూడకు, అమ్ముడైనవే చూడు. అదే సంవత్సరం, దగ్గరి సైజు. పూర్తి ఒరిజినల్ సైకిల్ ఒక వరస, ఫ్రేము-ఫోర్క్-మిషన్ కంట్రోల్ సెట్ ఇంకో వరస, ఉత్త ఫ్రేము మూడో వరస. మీది ఏ వరసో తేలాక లోపాలు తగ్గించు. టైర్లు, చెయిన్, కేబుళ్ళకి సున్నా వెయ్యి. కానీ పాత టైర్లు పారెయ్యకు, కొనేవాడికి అవి కూడా కావాలి.

ఇంకోటి, పెద్దాయనకి అసలు విలువ చెప్పి, తర్వాతే బేరం మాట్లాడు. ఆయన 600 డాలర్లు అంటున్నాడని నువ్వు గప్‌చుప్‌గా... అలా చెయ్యవులే.

రసీదు ఉంటే అదీ అడుగు, దాంతో... అయ్యో, చిన్నోడి బస్సు వచ్చే టైమైంది. సైకిల్ తిరగేసి బాటమ్ బ్రాకెట్ అడుగున ఉన్న సీరియల్ నంబర్ని పగటి వెలుతురులో ఫోటో తీసి పంపు, ఫ్లాష్ వద్దు. ఉంటా.

నీ
రాజు