ఇల్లా, ఆసుపత్రా కాదు: పక్కన ఎవరున్నారు?

సంపాదకులకు నమస్కారం.

సహజ కాన్పు మాట ఎత్తితే చాలు, చర్చంతా ఇల్లా ఆసుపత్రా అన్న దగ్గరే ఆగిపోతోంది. నొప్పులు పడుతున్న తల్లి పక్కన ఎవరున్నారు, వాళ్లు ఏం గమనిస్తున్నారు, పరిస్థితి అడ్డం తిరిగితే ఎంతసేపట్లో ఆపరేషన్ థియేటర్‌కి చేరగలరు? ముందు తేలాల్సినవి ఇవి. వీటికి జవాబు లేని ఇంటి పురుడు ప్రాణాలతో చెలగాటం. జవాబుంటే, ఏ చిక్కూ లేని గర్భిణికి, కాన్పులు చేయడంలో శిక్షణ పొందిన మిడ్‌వైఫ్ చేతిలో కాన్పు నిక్షేపంగా జరుగుతుంది.

మిడ్‌వైఫ్ అంటే పక్కన కూర్చుని ధైర్యం చెప్పే మనిషని చాలామంది అనుకుంటారు. అదీ పనే, కానీ ఆమె అసలు పని వినడం. నొప్పి తగ్గుముఖం పట్టగానే గుండె చప్పుడు వినిపించే డాప్లర్ పరికరాన్నో, గరాటులా ఉండే పినార్డ్ గొట్టాన్నో పొట్టకు ఆనించి నిండా ఒక నిమిషం బిడ్డ గుండె చప్పుడు లెక్కపెట్టాలి. రెండో చేత్తో తల్లి నాడి పట్టుకోవాలి. లేకపోతే తల్లి గుండె చప్పుడునే బిడ్డదనుకునే ప్రమాదం ఉంది. నొప్పులు ఊపందుకున్నాక 15 నుంచి 30 నిమిషాలకోసారి, తల్లి ముక్కేటప్పుడు 5 నిమిషాలకోసారి ఇలా వినాలి. నిమిషానికి 110–160 మధ్య ఉండాలి. నొప్పి పోయాక కూడా చప్పుడు తగ్గే ఉంటే ఇక ఆలస్యం పనికిరాదు. నలుగురు తల్లులను ఒకే నర్సుకు అప్పగిస్తే ఇది సాధ్యమేనా?

తొందరపాటు గురించి కూడా చెప్పాలి. గర్భసంచి ముఖద్వారం 5 సెంటీమీటర్లు తెరుచుకున్నాకే అసలు నొప్పులు మొదలైనట్టని, గంటకు ఒక సెంటీమీటరు చొప్పున తెరుచుకోలేదన్న ఒక్క కారణంతో జోక్యం చేసుకోవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లోనే చెప్పింది. అయినా గర్భసంచి ముడుచుకునేలా చేసే ఆక్సిటోసిన్ మందును సెలైన్‌లో ఎక్కించి నొప్పులను తరుముతున్నారు. నొప్పికీ నొప్పికీ మధ్య దొరికే విరామంలోనే మాయకు రక్తం బాగా అంది బిడ్డ తేరుకుంటుంది. పది నిమిషాల్లో ఐదుకు మించి నొప్పులొస్తే ఆ వ్యవధి చాలదు, బిడ్డ గుండె చప్పుడు పడిపోవచ్చు. అప్పుడిక అత్యవసర సిజేరియన్. అలాంటి సందర్భాల్లో ఆ అవసరాన్ని మనమే తెచ్చిపెట్టాం.

వెల్లకిలా పడుకోబెట్టడమూ అంతే. గర్భసంచి బరువు పెద్ద రక్తనాళాల మీద పడుతుంది. తల్లిని నడవనివ్వాలి, పక్కకు ఒత్తిగిలనివ్వాలి, మోకాళ్ల మీద వాలనివ్వాలి. అందరికీ అలవాటుగా యోనిద్వారం దగ్గర కోత పెట్టే బదులు తల బయటికొచ్చే వేళ గోరువెచ్చని తడిగుడ్డ అదిమి పెడితే పెద్ద చిరుగులు తగ్గుతాయి. బొడ్డుతాడు కోయడానికి కనీసం ఒక నిమిషం ఆగాలి. అప్పటిదాకా నీలంగా, లావుగా కొట్టుకుంటున్న తాడు మెల్లగా తెల్లబడి వాలిపోతుంది. ఆలోగా బిడ్డకు చేరే రక్తం తర్వాతి నెలలకు సరిపడే ఇనుము నిల్వనిస్తుంది.

ఇక, సహజమంటే మందులు వద్దని కాదు. కాన్పయిన నిమిషంలోగా తొడకు 10 యూనిట్ల ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ ఇస్తే రక్తస్రావం ముప్పు బాగా తగ్గుతుంది. ఆ మందును 2–8 డిగ్రీల చలువలో ఉంచాలి. వేడిలో తిరిగితే దాని సత్తువ పోతుంది. బిడ్డ ఊపిరి అందుకోకపోతే నిమిషంలోగా బ్యాగ్, మాస్కుతో గాలి పట్టాలి. ఈ రెండూ చేతికి అందుబాటులో లేకుండా ఇంట్లో కాన్పు చేయకూడదు. కవలలు, ఎదురుకాళ్లు, పాత సిజేరియన్, బీపీ, తీవ్ర రక్తహీనత, కిందికి దిగిన మాయ, 37 వారాలు నిండకముందే వచ్చే నొప్పులు ఉంటే ఆసుపత్రికే వెళ్లాలి.

తొలికాన్పుకు ఇల్లు వద్దనే నా మాట. 2011లో వెలువడిన ఇంగ్లండ్ అధ్యయనంలో ఇంట్లో కనాలనుకున్న తొలిచూలు తల్లుల్లో నూటికి 45 మందిని ఆసుపత్రికి తరలించాల్సి వచ్చింది. మలికాన్పుల వాళ్లలో 12 మందినే. తొలిచూలు బిడ్డలకు తీవ్రమైన చిక్కులు ఆసుపత్రిలో వెయ్యికి 5.3 అయితే ఇంటి కాన్పుల్లో 9.3. మిడ్‌వైఫ్‌లే నడిపే కేంద్రాల్లో మాత్రం బిడ్డలకు అలాంటి తేడా కనబడలేదు. అందుకే ఆసుపత్రి ఆవరణలోనే మిడ్‌వైఫ్ గదులు పెంచాలని కోరుతున్నాను.

ఇంటి కాన్పే కావాలనుకునే దంపతులు ఆరో నెలలోనే మిడ్‌వైఫ్‌ను అడగాలి: తరలింపు నిర్ణయం ఎవరిది, అర్ధరాత్రి బండి ఎవరు తెస్తారు, అవతల ఫోనెత్తే డాక్టరు ఎవరు?

— మిడ్‌వైఫరీ బోధించే ఒక నర్సు