ఇంటికి తీసుకెళ్లమన్నాక చేయాల్సింది చాలా ఉంది

సంపాదకుల వారికి,

క్యాన్సర్ వైద్యానికి శ్రీకాకుళం, విజయనగరం, పాడేరు నుంచే కాదు, ఒడిశా వైపు నుంచీ జనం విశాఖకే వస్తారు. మందులు పనిచేయని దశలో చాలామంది చెవిన పడే మాట: "ఇంక చేసేదేం లేదు, ఇంటికి తీసుకెళ్లిపోండి." జబ్బు తగ్గించడానికి చేసేది లేకపోవచ్చు గానీ నొప్పికి, ఆయాసానికి, వాంతులకు, వాసన కొట్టే పుండుకు చేసేది చాలా ఉంది. హాస్పిస్ సేవ అంటే అదే. దానికి ప్రత్యేకంగా భవనమే ఉండాలని లేదు, నర్సు మంచం దగ్గరికి వచ్చి చేసేదీ హాస్పిస్ సేవే. మన దేశంలో మొదటి హాస్పిస్, శాంతి అవేదన సదన్, 1986లోనే ముంబైలో మొదలైంది. అయినా ఇప్పటికీ ఆ పేరు వింటే చావుకు పంపుతున్నారనుకుని బెదిరిపోయే కుటుంబాలున్నాయి.

అన్నిటికంటే ఎక్కువ పొరపాట్లు జరిగేది తీవ్రమైన నొప్పికి ఇచ్చే మార్ఫిన్ మందు దగ్గర. మాత్ర నొప్పి వచ్చినప్పుడు వేసుకునేది కాదు, నొప్పి రాకుండా గడియారం చూసి వేసేది. దాని పని దాదాపు నాలుగు గంటలే. అందుకే ఉదయం 6, 10, మధ్యాహ్నం 2, సాయంత్రం 6, రాత్రి 10 అని రాస్తారు. రాత్రి 10 గంటలకు రెట్టింపు మోతాదు ఇస్తే అర్ధరాత్రి లేపనక్కరలేదు. "ఇప్పుడు బాగానే ఉన్నాడు కదా" అని మధ్యాహ్నం మాత్ర మానేస్తే సాయంత్రానికి నొప్పి తిరగబడుతుంది, దాన్ని అణచడానికి ఇంకా ఎక్కువ మందు కావాలి. మధ్యలో నొప్పి పొడుచుకొస్తే అదనపు మాత్ర వేసి, వేసిన టైము కాగితం మీద రాసి పెట్టండి. డాక్టరు మోతాదు మార్చేది ఆ లెక్క చూసే. మూత్రపిండాలు దెబ్బతిన్నవాళ్లకు మోతాదు తగ్గించాలి కాబట్టి ఆ సంగతి ముందే చెప్పండి.

మార్ఫిన్‌తో మలబద్ధకం తప్పదు. మొదటి రోజు నుంచే రాత్రిపూట విరేచనం మాత్ర ఇవ్వకపోతే నాలుగైదు రోజులకు కడుపు ఉబ్బుతుంది, ఇంట్లోవాళ్లు మార్ఫిన్నే తిట్టుకుని ఆపేస్తారు. ఇంకో చిక్కు ఉంది. గట్టిపడ్డ మలం పక్కనుంచి నీళ్లలాంటిది కారితే విరేచనాలు పట్టుకున్నాయనుకుని కట్టే మాత్ర వేస్తారు. ఆ మాత్ర వేసే ముందు నర్సుకు ఫోన్ చేయాలి. వికారం, మగత మొదటి కొన్ని రోజులే ఎక్కువ. నొప్పికి తగ్గ మోతాదులో డాక్టరు చూస్తుండగా వాడితే వ్యసనమవుతుందన్న భయం అక్కర్లేదు.

పుండు కడగడానికి అర లీటరు నీళ్లు మరిగించి, చెంచా ఉప్పు వేసి చల్లార్చితే చాలు. వాసనకు మెట్రోనిడజోల్ మాత్రను మెత్తగా నూరి పుండు మీద చల్లమని నర్సులు చెబుతారు. వాసన తగ్గితే మనవలు మళ్లీ మంచం దగ్గరికి వస్తారు, ఆ ఇంటికి అదెంత పెద్ద సంగతో చూసినవాళ్లకే తెలుస్తుంది. కదల్లేని మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. ఆయాసానికి ముఖం మీదికి టేబుల్ ఫ్యాన్ గాలి తగిలేలా పెడితే చాలామందికి ఉపశమనం.

చివరి రోజుల్లో తిండి మానేయడం శరీరం చేసే పనే. ముక్కు పట్టుకుని గంజి పోస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. సెలైన్ పెట్టమని పట్టుబడితే కాళ్లు వాచి, గొంతులో గురగుర ఎక్కువవుతుంది. ఆ గురగురకు మనిషిని పక్కకు ఒత్తిగిల్లబెట్టి తల కాస్త ఎత్తు చేయండి. తులసి తీర్థం పోయాలనుకుంటే చెంచాతో వద్దు, తడి గుడ్డతో పెదవులు తడపండి.

వెంటిలేటరు వద్దనుకునేవారు ఆ మాట మెలకువగా ఉన్నప్పుడే కాగితం మీద పెట్టవచ్చు. సుప్రీంకోర్టు 2023 జనవరిలో దారి సులువు చేశాక, ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేసి నోటరీ లేదా గెజిటెడ్ అధికారి చేత ధ్రువీకరించుకోవాలి. ఇంట్లో మరణిస్తే 21 రోజుల్లో నమోదు చేయించాలి, చూసిన డాక్టరు చీటీ దగ్గర పెట్టుకోండి.

ఆసుపత్రులకు మా విన్నపం. డిశ్చార్జి కాగితంలో "ఇంటికి పంపాం" అని రాసి ఊరుకోవద్దు. మార్ఫిన్ ఎన్ని రోజులకు ఇచ్చారో, విరేచనం మాత్ర ఏదో, రాత్రిపూట ఏ నంబరుకు ఫోన్ చేయాలో రాయండి. 2014లో మాదకద్రవ్యాల చట్టం సవరించాక గుర్తింపు పొందిన వైద్యసంస్థ రాష్ట్ర డ్రగ్ కంట్రోలర్ అనుమతితో మార్ఫిన్ ఉంచుకోవచ్చు. ఏజెన్సీలోని ప్రభుత్వాసుపత్రులన్నీ ఆ గుర్తింపు తీసుకోవాలి. పాడేరు మనిషి మాత్రల కోసం ఘాట్ రోడ్డు దిగి నూరు కిలోమీటర్లకు పైగా రావలసిన పని లేకుండా చూడాలి. రోగి లేవలేని స్థితిలో ఉంటే చీటీ చూసి ఇంటివాళ్ల చేతికే మందు ఇవ్వాలి.

ఇట్లు,
ఇళ్ల వద్ద ఉపశమన సేవలు చేసే నర్సులం,
విశాఖపట్నం