పిల్లల పేజీలో కథ కింద నీతి తీసెయ్యండి

సంపాదకులు గారికి నమస్కారం అండి,

మాది ఒడిశాలో పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, పిల్లల స్కూల్లో ఇంగ్లీషు. మీ పేపరు మా మావగారి కాలం నుంచి మా ఇంటికి వస్తోంది, ఆదివారం వస్తే పిల్లల పేజీ ముందు మా పాపే లాక్కుంటుంది. ఆ పేజీ గురించే ఈ ఉత్తరం, కాస్త పెద్దదైతే ఏమనుకోకండి.

మా పాప ఐదో క్లాసు. పోయిన చలికాలం రోజూ పొద్దున్నే కడుపునొప్పి అనేది. డాక్టరుగారు చూసి ఏమీ లేదన్నారు, నేనేమో బడి ఎగ్గొట్టడానికి వేషాలనుకుని ఒకరోజు రెండు దెబ్బలు కూడా వేశా, అది తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం ఉసూరుమంటుంది. ఏమైందే అంటే "సాడ్‌గా ఉంది" అనేది, ఇంకోసారి "రాగ లాగుచి" అనేది, అంటే ఒడియాలో కోపమొస్తోందని, అంతకు మించి మాట రాదు. నేను అడిగేకొద్దీ ఇంకా ముడుచుకుపోయేది.

మా అత్తగారు అసలు అడగలేదండి. రాత్రి పక్కలో పడుకోబెట్టుకుని ఏడు చేపల కథ ఎత్తుకున్నారు. అందరికీ తెలిసిందే, చేపా చేపా ఎందుకు ఎండలేదంటే గడ్డిమోపు అడ్డమొచ్చింది, గడ్డిమోపునడిగితే ఆవు మెయ్యలేదు, ఆవునడిగితే పాలేరు మేపలేదు, అవ్వ బువ్వ పెట్టలేదు, పాప ఏడ్చింది, చివరికి చీమ దగ్గరికెళ్తే నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా అంటుంది. ఆ రాత్రి ఆవిడ చేపని తీసేసి కడుపుని పెట్టారు. "కడుపా కడుపా, ఎందుకే నొప్పెడతన్నావు?" పాప ముందు కిసుక్కున నవ్వింది, కాసేపాగి కడుపు తరఫున తనే చెప్పింది, "బస్సెక్కాలని లేదు" అని. "బస్సా బస్సా, నీకేటయిందే?" "నాలో పక్క సీటు ఖాళీ." "సీటూ సీటూ, ఎందుకు కాళీగా ఉన్నావు?" "పాప ఫ్రెండు ఇప్పుడు వేరే పిల్ల పక్కన కూర్చుంటోంది." నేను వంటింట్లో అంట్లు తోముతూ వింటున్నా, చెయ్యి ఆగిపోయింది.

అలా అలా చీమ దొరికింది. ఆ స్నేహితురాలి నాన్న సూరత్‌లో మగ్గాల పనికెళ్ళారు, మా వైపు నుంచీ గంజాం నుంచీ చాలామంది వెళ్తారు కదా. దసరాకి కూడా రాలేదని, రాత్రి ఏడ్చానని ఆ పిల్ల మా పాప ఒక్కదానికే చెప్పుకుంది. మా పాప టిఫిన్ బాక్సులు విప్పిన టైంలో నలుగురి ముందూ ఆ మాట అనేసింది. అంటే పుట్టలో వేలు పెట్టింది తనే. తప్పు నీదే అని మేం ఎవరం అనలేదు, తనే కనిపెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. నేను సూటిగా నిలదీసుంటే చచ్చినా చెప్పేది కాదు, సీటు చెప్పింది కాబట్టి చెప్పగలిగింది. సారీ చెప్పమని బలవంతం పెట్టలేదు, తనంతట తను చెప్పడానికి రెండు వారాలు పట్టింది. ఇప్పుడు మళ్ళీ పక్కపక్కనే కూర్చుంటున్నారు గానీ మునుపటంత లేదు, ఉండకపోవచ్చు కూడా, అదీ పిల్లకి తెలియాల్సిందే కదా.

అప్పట్నుంచి శనివారం సాయంత్రాలు మా వీధి ఆడపిల్లల్ని, ఎనిమిదేళ్ళ నుంచి పన్నెండేళ్ళ దాకా, అరుగు మీద కూర్చోబెట్టి కథలు చెప్తున్నా. నాకు తెలిసొచ్చింది ఒకటే, వీళ్ళకి మనసులో బోలెడంత ఉంది, మాటల్లేవు. ఉక్రోషం వేరు, అలక వేరు, బెంగ వేరు, చిన్నబుచ్చుకోవడం వేరు, కుళ్ళు వేరు, తెలుగులో ఇన్ని ఉంటే వీళ్ళ నోట్లో ఉన్నవి సాడ్, యాంగ్రీ రెండే. ఒడియాలో అభిమానం అంటే మనవాళ్ళే మనని నొప్పించినప్పుడు వచ్చే అలక, తెలుగులో అదే మాటకి ప్రేమ, ఈ తేడా మీద ఒక సాయంత్రమంతా మాట్లాడుకున్నాం, ఎంత బాగుందో. పైగా ఆడపిల్ల కోప్పడితే ఆడపిల్లకి అంత కోపమేంటి అనేస్తాం, ఆ కోపమే కటీఫ్‌గా, జట్టులోంచి ఒకదాన్ని తప్పించెయ్యడంగా బయటికొస్తుంది, దెబ్బలాట కనిపించదు కాబట్టి మనకి పట్టదు.

ఇంక మీ పేజీ సంగతి. అందులో కథలన్నీ ఒకటే తీరు, మంచి పిల్ల పంచుకుంటుంది, చెడ్డ పిల్లకి బుద్ధొస్తుంది, కింద లావు అక్షరాల్లో నీతి. మా పిల్లలు కథ వదిలేసి ముందు నీతి చదివేసి పేజీ తిప్పేస్తారు. ఆ నీతి తీసెయ్యండి, దయచేసి. ఇద్దరు స్నేహితురాళ్ళ మధ్యకి మూడోది వచ్చిన కథ వెయ్యండి, ఇద్దరిదీ కొంత తప్పున్న కథ, రాజీ కుదరని కథ. సగంలో ఆపి తరవాత ఏమైందో మీరే రాయండి అనండి. కోపమొస్తే గొంతులో ముద్ద అడ్డుపడ్డట్టుంటుందా, చెవులు వేడెక్కుతాయా అని కథలో పిల్ల చేతే చెప్పించండి. భాష మాత్రం పిల్లలు మాట్లాడేదే ఉండాలి. గిడుగు రామమూర్తి గారు మా ఊరి బళ్ళో పంతులుగా ఉంటూనే కదా మా వైపు కొండల్లో గిరిజనులు మాట్లాడే సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకి వాళ్ళ మాటల్లోనే వాచకాలు తయారుచేసింది. 1936 ఏప్రిల్ 1న ఈ ఊరు ఒడిశాలో కలిసింది, మా పిల్లలకి బళ్ళో తెలుగు అంతంతమాత్రమే, చాలామందికి చదవడానికి దొరికే తెలుగు మీ పేజీ ఒక్కటే.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. కథలో చీమ కోసం వెతుకుతుంటే ఒక్కోసారి పాము బయటపడుతుంది, ఎవరో పెద్దవాళ్ళు చెయ్యి వేశారనో, బతకాలని లేదనో. అప్పుడు కథ ఆపెయ్యాలి, పిల్లని దగ్గరికి తీసుకుని నమ్ముతున్నానని చెప్పాలి, తరవాత పిల్లల హెల్ప్‌లైన్ 1098కి, మనసు బాగోకపోతే 2022లో మొదలైన టెలి మానస్ 14416కి ఫోన్ చెయ్యాలి. ఈ రెండు నంబర్లూ ప్రతి వారం పేజీ కింద వెయ్యండి, నీతి వేసే చోటు ఎలాగూ ఖాళీ అవుతుంది.

మా అరుగు మీద సగంలో ఆగిన కథలు ఒక నోట్‌బుక్‌లో రాసి పెట్టా, పది దాకా ఉన్నాయి. కావాలంటే పంపిస్తాను, పిల్లల పేర్లు ఎక్కడా ఉండవు, అన్నీ పిట్టలూ చేపలూ బస్సు సీట్లే.

ఇట్లు,
ఒక తల్లి, పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా