పంచనామాలో ‘గుడిసె’ అని రాసేముందు

సంపాదకుడికి,

ఫిబ్రవరి దాటితే నల్లమలలోనూ, భద్రాచలం, పాడేరు ఏజెన్సీల్లోనూ కార్చిచ్చు వార్తలు మొదలవుతాయి. మన అడవుల్లో చిచ్చు చాలావరకు చెట్ల కొనలకు ఎక్కదు, ఎండుటాకు పట్టుకుని నేల మీదే పాకుతుంది. గూడెం అంచుకు వచ్చేసరికి గాలి తోడైందా, ఒక్క నిప్పురవ్వ గడ్డికప్పు మీద పడితే చాలు, ఇళ్ళు వరసపెట్టి అంటుకుంటాయి. మర్నాడు బియ్యం వస్తాయి, దుప్పట్లు వస్తాయి, ఫొటోలు తీసేవాళ్ళూ వస్తారు. వారం తిరిగేసరికి ఎవరూ కనిపించరు. ఆ కుటుంబం తిరిగి నిలబడుతుందా లేదా అన్నది మాత్రం, ఆ హడావుడిలో ఎవరూ చదవని ఒక కాగితం తేలుస్తుంది. అదే పంచనామా, అంటే సాక్షుల ఎదుట నష్టాన్ని చూసి సిబ్బంది రాసే నివేదిక.

కేంద్ర హోం శాఖ 2022–23 నుంచి 2025–26 దాకా ఖరారు చేసిన విపత్తు సహాయ నిబంధనల్లో, పూర్తిగా ధ్వంసమైన ఇంటికి, అది పక్కా ఇల్లయినా కచ్చా ఇల్లయినా, మైదానంలో ₹1,20,000, కొండ ప్రాంతాల్లో ₹1,30,000 ఇవ్వాలని ఉంది. అదే ఇంటిని ‘గుడిసె’ అని రాస్తే ₹8,000. బట్టలకు ₹2,500, సామాన్లకు మరో ₹2,500 వేరే. ఒక్క మాట తేడాతో లక్షకు పైగా పోతోందన్నమాట. గుడిసె అంటే కచ్చా ఇంటికన్నా తక్కువదని, గడ్డి, మట్టి, ప్లాస్టిక్ పట్టాలతో వేసుకున్న తాత్కాలిక నివాసమని, జిల్లా అధికారులు గుడిసెగా గుర్తించేదని నిర్వచనం ఇచ్చారు. చేనులో కాపలాకు వేసుకున్న మంచెకు, పాకకు ఆ మాట సరిపోతుంది. నిట్టాళ్ళు (నిలువు గుంజలు) పాతి, దూలం ఎత్తి, తడికకు రెండు వైపులా మట్టి మెత్తి, తరాలుగా కాపురం ఉంటున్న ఇంటికి ఎలా సరిపోతుంది? పైన గడ్డి కనిపించగానే గుడిసె అని రాసేయడం సిబ్బందికి అలవాటైపోయింది. గుర్తించే అధికారం జిల్లా స్థాయిలోనే ఉంది గనక ఇందుకు ఢిల్లీ దాకా వెళ్ళనక్కర్లేదు, కలెక్టరు ఒక్క సర్క్యులర్ ఇస్తే సరిపోతుంది.

అందుకే బూడిద ఎత్తేయకముందే కొన్ని పనులు జరగాలి. పునాది ఎత్తు, గోడల పొడవు, మందం, ఎన్ని గదులు, గోడ దేనితో కట్టింది, అటక ఉందా, ఇంటి నంబరు, పన్ను రసీదు ఉన్నాయా – ఇవన్నీ పంచనామాలో ఎక్కాలి. ఇంటికి ఆనుకున్న పశువుల కొట్టానికి ₹3,000 ఉంది, దాన్ని వేరుగా రాయించాలి. కాలిన నిట్టాళ్ళ మొదళ్ళు, గోడ అడుగు కనిపించేలా నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీయాలి. సహాయం చేయడానికి వచ్చిన యువకులు మంచి మనసుతోనే మొదటిరోజు స్థలమంతా శుభ్రం చేసేస్తారు. దాంతో రుజువు కాస్తా ఊడ్చుకుపోతుంది. కొన్నిచోట్ల ఫైర్ రిపోర్టు తెమ్మంటారు. ఫైరింజనే రాని గూడేనికి ఫైర్ రిపోర్టు ఎక్కడిది? అలాంటి చోట తహసీల్దారు పంచనామానే చాలని ముందే చెప్పాలి.

పశువుల సంగతీ ఇంతే. పాడి ఆవుకో గేదెకో ₹37,500, దుక్కిటెద్దుకు ₹32,000, మేకకు ₹4,000 ఇవ్వాలి. పశువైద్యుడు చూసి రాయకుండా రూపాయి రాదు. వేసవిలో కళేబరాన్ని రెండో రోజు దాకా ఉంచుకోలేక పాతేస్తారు, దాంతో లెక్క నుంచి పోతుంది. డాక్టరు ఆ పూటే రాలేకపోతే, పశువు చెవికి వేసిన ట్యాగు నంబరు కనిపించేలా ఫొటో తీసి, ఇద్దరు సాక్షుల సంతకాలతో పాతిపెట్టడానికి అనుమతించాలి.

రెండో ముడి ‘అనుమతి ఉన్న కట్టడం’ అన్న షరతు. పాడైన ఇల్లు అధికారికంగా ధ్రువీకరించిన కట్టడమై ఉండాలని అవే నిబంధనలు అంటాయి. అడవిలో ఉన్న ఇంటికి ఆ ధ్రువీకరణ ఎవరిస్తారంటూ దస్త్రం ఆగిపోతుంది. 2006 అటవీ హక్కుల చట్టంలో సెక్షన్ 3(1)(ఎ) సాగుకే కాదు, నివాసానికీ హక్కు ఇచ్చింది. హక్కుల పరిశీలన పూర్తయ్యేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదని 4(5) చెబుతోంది. కాలిన చోటే మళ్ళీ నిట్టాడు పాతుతుంటే కొత్త ఆక్రమణ అని అడ్డుపడే సిబ్బందికి ఈ రెండూ చూపించాలి. ఇంకా హక్కు పత్రం (పట్టా) రాని కుటుంబాల విషయంలో మరింత జాగ్రత్త కావాలి. ఆ చట్టం నిబంధనల్లో 13వది ఇళ్ళను, గుడిసెలను, గట్లను, దరఖాస్తుదారు కాని పెద్దల వాంగ్మూలాన్ని కూడా సాక్ష్యంగా ఒప్పుకుంటుంది. అంటే కాలిన ఇంటి అవశేషం పరిహారానికే కాదు, భూమి హక్కుకు కూడా రుజువే. ఆ భూమిలో ఉన్నందుకు అటవీ శాఖ వేసిన పాత జరిమానాల రసీదులు మంటల్లో పోయినా, గ్రామసభ పెట్టి పెద్దల మాట రాయించుకుంటే దారి మూసుకుపోదు.

కాలిపోయిన కాగితాల్లో ముందు ఆధార్ తిరిగి తీయించాలి, తర్వాత బ్యాంకు ఖాతా చూసుకోవాలి, ఆ తర్వాత పట్టా నకలు. రేషన్ కార్డు కాలినా బియ్యం ఆగకూడదు, నంబరుంటే చాలు. చిక్కంతా వేలిముద్రతో. మంట ఆర్పబోయి చేతులు కాల్చుకున్నవాళ్ళు, కట్లు కట్టుకున్నవాళ్ళు మిషను మీద వేలు పెట్టలేరు. గాయం మానినా గీతలు ఒక పట్టాన కలవవు. గూడేనికి తెచ్చే ఆధార్ కిట్‌లో కనుపాప స్కానర్ ఉండాలి. ఆధార్‌కు జోడించిన ఫోన్ నంబరు కూడా కాలిన ఫోన్‌తోనే పోతుంది కాబట్టి ఓటీపీని నమ్ముకోకూడదు. ఇక రెండేళ్ళు లావాదేవీ లేని ఖాతా నిద్రాణమైపోతుంది. సాయం డబ్బు వెనక్కి పోయిందని తెలిసేసరికి వానలు పడతాయి. డబ్బు వేయకముందే ఊళ్ళలో బ్యాంకు పనులు చేసిపెట్టే బ్యాంకు మిత్రను గూడేనికి తీసుకొచ్చి ఆ ఖాతాలను మళ్ళీ పనిచేయించడం మండల స్థాయిలో ఒక పూట పని. పట్టా నకలు అటవీ హక్కుల జిల్లా స్థాయి కమిటీ రికార్డు నుంచి తీయించాలి. అందులో భార్యాభర్తలిద్దరి పేర్లూ ఉన్నాయో లేదో అప్పుడే చూసుకోవాలి.

ఇప్పుడు కప్పు సంగతి. ఏప్రిల్‌లో కాలితే జూన్ మొదటివారానికి వాన. మధ్యలో ఉన్నది ఏడెనిమిది వారాలే. గడ్డితో మళ్ళీ కప్పుకుంటారులే అనుకోవద్దు. అడవిలో నిలబడి ఉన్న గడ్డి కూడా అదే చిచ్చులో పోయింది, కొత్తది కోతకు రావాలంటే చలికాలం రావాలి. వెదురుదీ అదే కథ. ఎండాకాలంలో నరికిన బొంగులో పిండిపదార్థం ఎక్కువ, అందుకే పుచ్చు తొందరగా పడుతుంది. మూడు నాలుగు వారాలు నీళ్ళలో నానేస్తే కొంత నిలుస్తుంది కానీ ఏప్రిల్‌లో వాగులో నీళ్ళెక్కడివి? అటవీ శాఖ డిపోల్లో ఎండి ఉన్న వెదురును, కర్రను ఉచితంగా ఇవ్వడమే సరైన మార్గం.

గోడల దగ్గర ఇంకో మోసం ఉంది. కాలిన మట్టిగోడ పైకి గట్టిగా ఇటుకలా కనిపిస్తుంది. లోపలి తడిక మాత్రం బొగ్గైపోయి ఉంటుంది. దాని మీదే కొత్త కప్పు ఎక్కిస్తే మొదటి పెద్దవానకు గోడ కూలి మనుషుల మీద పడుతుంది. చేత్తో తట్టి చూడాలి. డొల్ల మోత వచ్చినా, మూలల్లో నిలువు చీలిక కనిపించినా పడగొట్టక తప్పదు. తడిక లేకుండా ముద్దల మీద ముద్దలు పేర్చి కట్టిన మందపాటి గోడైతే తరచూ పనికొస్తుంది.

చేతికందేది రేకే. 12 అడుగుల వెడల్పు, 15 అడుగుల పొడవున్న గదికి రెండు వాలుల కప్పు వేయాలంటే 8 అడుగుల రేకులు 14, వాటితోపాటు నడికొప్పు మూతరేకు, హుక్కులు కావాలి. దాతలు రేకులు పంపి హుక్కులు మరిచిపోతారు, జనం మేకులు కొట్టుకుంటారు. మే నెల గాలిదుమారానికి మేకు చుట్టూ రేకు చిరిగి కప్పు లేచిపోతుంది. రేకు కింద వెదురు తడిక పరిచి మట్టి మెత్తి అటక వేయాలి. ఎండ వేడి తగ్గుతుంది, గింజలు దాచుకోను చోటూ దొరుకుతుంది. అందాకా తలదాచుకోవడానికి ప్లాస్టిక్ పట్టా ఇస్తే మందంది ఇవ్వండి. సంతలో దొరికే పల్చటి నీలి పట్టా ఎండకు తొందరగా పెళుసెక్కుతుంది.

ఎవరి లెక్కలోకీ రానిది విత్తనం. సొరబుర్రల్లోనూ, పొయ్యి మీది అటకలోనూ దాచుకున్న సామలు, కొర్రలు, కందులు కప్పుతోపాటే పోతాయి. రాయితీ మీద సర్కారు ఇచ్చే వరి, జీలుగ, జనుము కొండపోడుకు పనికిరావు. సామలైనా కొర్రలైనా ఎకరాకు మూడు నాలుగు కిలోలు చాలు. అదే నేల, అదే వాలు ఉన్న పక్క గూడెంలో కొనిపెట్టడం సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థకు (ఐటీడీఏ) పెద్ద ఖర్చేమీ కాదు. కొనేది మే నెలాఖరులోగా జరగాలి. జూలైలో వచ్చే విత్తనం కూడు వండుకోవడానికే.

అడవి ఫలసాయానికైతే సహాయ నిబంధనల్లో పద్దే లేదు. ఇప్పపువ్వు, తునికాకు, తపసి బంక, తేనె చేతికొచ్చే నెలల్లోనే చిచ్చు వస్తుంది, ఏడాదికి సరిపడే నగదు అక్కడే పోతుంది. గిరిజన సహకార సంస్థ దగ్గర గత ఏళ్ళ కొనుగోలు వివరాలుంటాయి. వాటిని ఆధారం చేసుకుని రాష్ట్ర నిధుల నుంచి నష్టం కట్టివ్వొచ్చు. ఇప్పచెట్ల కింద ఆకు తగలబెట్టి పువ్వు ఏరడం వల్లే చిచ్చు రేగుతోందని గిరిజనులను తిట్టేవాళ్ళున్నారు. అందులో కొంత నిజం లేకపోలేదు. రాలే పువ్వు పడేలా కింద పరుచుకోను చెట్టుకో వల ఇస్తే ఆ అవసరమే ఉండదు, తిట్టడం కన్నా అది చవక.

దాతలకు ఒక మాట. పాత చీరల మూటలు దయచేసి ఆపండి, గూడెం చివర తడిసి కుళ్ళుతున్నాయి. కుటుంబానికి రెండు బిందెలు, అన్నం గిన్నె, గొడ్డలి, పార, కత్తి, రేకుల హుక్కులు పంపండి. పంపేముందు గూడెం పెద్దను అడగండి.

– ఏజెన్సీ గూడేల్లో సహాయ పనులు చేసే కొందరు పాఠకులు