కారు బ్రేకులు పట్టేస్తున్నాయన్నావు, ఆ నిప్పిల్ విప్పి చూడు

విజయనగరం,
శుక్రవారం పొద్దుట

ఒరే బావా,

జవాబు ఆలస్యమైంది, తిట్టుకోకు. ఇక్కడంతా కులాసాయే. సిరిమానుకి వస్తావో రావో తర్వాత తేల్చు, ముందు నీ కారు బ్రేకులు పట్టేస్తున్న సంగతి.

న్యూట్రల్‌లో తోసినా సులువుగా కదలట్లేదంటే మన మెకానిక్కు గ్రీజు గురువు నాలుగు చక్రాలకీ ప్యాడ్లు మార్చమన్నాడా? వెనక డ్రమ్ములున్న బండికి నాలుగు చక్రాలకీ ప్యాడ్లేటిరా, డ్రమ్ముల్లో ఉండేవి షూలు కదా! వాడు మారడు.

టైర్లలో గాలి చూడు. తర్వాత బ్రేకు పెద్దగా వాడకుండా ఐదారు కిలోమీటర్లు నడిపి ఆపి, ఒక్కో రిమ్ము దగ్గర చెయ్యి పెట్టు, ఆనించకు. ఎక్కువ వేడి కొట్టేదే దొంగ. చల్లారాక చదును నేల మీద మిగతా చక్రాలకి రాళ్లు అడ్డం పెట్టి ఆ చక్రం ఎత్తు. జాకీ ఒక్కదాన్నీ నమ్మకు, స్టాండు పెట్టు. పెడల్ గట్టిగా తొక్కి వదిలి, చేత్తో తిప్పు. ప్యాడు కాస్త సర్రుమనడం మామూలే. బలవంతంగా తిప్పాల్సొస్తే రోగమే.

ఇప్పుడు అసలుది. ప్యాడ్లని నొక్కే కాలిపర్ వెనక, గాలి తీసే మర ఉంటుంది, అదే ఎయిర్ నిప్పిల్. దానికి సన్న గొట్టం తొడిగి, రెండో కొస సీసాలో పెట్టి, పావు చుట్టు వదులు చెయ్యి. బ్రేకాయిల్ చిమ్మి చక్రం వదిలేసిందా, ప్రెషర్ చిక్కుకున్నట్టే. ఒక్క చక్రమే పడుతుంటే రబ్బరు హోసు లోపల ఉబ్బి ఉంటుంది. పైకి కొత్తదాన్లాగే కనబడుతుంది, మోసపోకు. అన్నీ పడుతుంటే మాస్టర్ సిలిండర్‌ని, అంటే పెడల్ తొక్కితే ఆయిల్‌ని చక్రాలకి తోసేదాన్ని, అనుమానించు. పెడల్ బలం పెంచే బూస్టర్‌కి దాన్ని బిగించిన నట్లు రెండు చుట్లు వదులు చెయ్యి. చక్రాలు వదిలితే సిలిండర్‌ని తోసే కడ్డీ, పుష్‌రాడ్, పొడుగ్గా సెట్టయింది. బ్రేకులైటు స్విచ్చి పెడల్‌ని నొక్కి పట్టినా ఇదే తంతు. అన్నట్టు బ్రేకాయిల్ డబ్బాలో ఎవరూ ఇంజనాయిల్ పొయ్యలేదు కదా? మూత రబ్బరు ఉబ్బి ఉంటే... అమ్మో, అప్పుడు లోపలి రబ్బర్లన్నీ మార్చాలి, పైపులన్నీ కడగాలి.

నిప్పిల్ విప్పినా వదల్లేదా? కాలిపర్‌లో ప్యాడుని తోసే పిస్టనో, కాలిపర్ జారే స్లైడ్ పిన్నులో పట్టేశాయి. కళింగపట్నం ఉప్పుగాలికి అది వింతా ఏటి! లోపలి ప్యాడు అరిగి బయటిది కొత్తగా ఉంటే నా ఓటు పిన్నులకే. బయటికి లాగి, తుప్పు తుడిచి, సిలికాన్ గ్రీజు రాయి. బేరింగు గ్రీజు రాశావో, రబ్బర్లు ఉబ్బి మళ్లీ పట్టేస్తాయి. పిస్టన్‌ని సీ-క్లాంపుతో మెల్లగా నెట్టు. మొండికేస్తే దాని రబ్బరు బూటు చిరిగి లోపల తుప్పు పట్టినట్టు, కొత్త రబ్బర్ల కిట్టు వెయ్యాలి.

వెనక చక్రమైతే హేండ్ బ్రేకు తీగ వదులు చేసి చూడు, చాలాసార్లు దోషం దానిదే. వానాకాలం రోజుల తరబడి బండి ఉంచితే హేండ్ బ్రేకు లాగొద్దు, షూలు డ్రమ్ముకి అంటుకుంటాయి. గేరులో వేసి ఇటుక పెట్టు చాలు.

పని అయ్యాక బ్రేకు పైపుల్లోని గాలి తీసి, నిప్పిల్ బిగించి, పెడల్ గట్టిపడ్డాకే రోడ్డెక్కు. బేరింగు గుర్రుమంటే వేరే... అదిగో, బయట హారన్ కొట్టేస్తున్నారు, ఈ కవరు ఆ బండిలోనే పంపాలి. బేగి రాయి.

నీ
బావ