పెరటి కోళ్ల పెంపకందారుల సంఘం: 2024-25 వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది సంఘం పనంతా దాదాపు దాణా చుట్టూనే తిరిగింది. కోడిపిల్లల పంపిణీ ఎప్పటిలాగే నడిచింది. వనరాజా, గ్రామప్రియ రకం పిల్లలు అడిగినవారందరికీ అందాయి. ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ బయటపడినప్పుడు అందరం టెన్షన్ పడ్డాం కానీ మన ఊళ్ల దాకా రాలేదు.

గట్టిగా చెప్పుకోవాల్సింది నవంబర్‌లో మహిళా సంఘం భవనంలో పెట్టిన కోళ్ల మేత మొలకల శిబిరం గురించి. అంతమంది వస్తారని కార్యవర్గంలో ఎవరూ అనుకోలేదు. కుర్చీలు చాలక సగం మంది వరండాలోనే నిలబడ్డారు. మక్కలు, సజ్జలు, పెసలు రాత్రంతా నానబెట్టడం, నీళ్లు వంచేసి తడి గోనెసంచిలో మూట కట్టడం, పొద్దున సాయంత్రం కడగడం, అన్నీ చేసి చూపించాం. మందంగా పోస్తే మూట లోపల వేడెక్కి జిగురు వస్తుంది, పుల్లటి వాసన కొడుతుంది. అలాంటివి పెంటకుప్పలో పారేయాల్సిందే.

మొలకలతో దాణా ఖర్చు సగానికి పడిపోతుందని ఎవరో ప్రచారం చేశారు. అది నిజం కాదు. మొలకల్లో పెరిగిన బరువంతా నీళ్లదే. గుడ్లు పెట్టే కోడి రోజుకు 100 నుంచి 120 గ్రాముల దాణా తింటుంది. మొలకలు అందులో కొంత భాగమే. పచ్చిమేత దొరకని ఎండాకాలంలో మాత్రం చాలా మేలు.

జొన్నలు మొలకెత్తించవద్దని మళ్లీ చెబుతున్నాం. జొన్న నాము (కోశాక మళ్లీ వచ్చే లేత పిలకలు) మేసి పశువులు పడిపోవడం చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు, ఆ విషమే లేత మొలకలోనూ ఉంటుంది. ఎండు జొన్నలు నిక్షేపంగా వేసుకోవచ్చు. విత్తనాల ప్యాకెట్‌లో మిగిలిన ఎర్ర రంగు మక్కలు పట్టుకొచ్చి ‘ఇవి మొలుస్తాయా’ అని అడిగారు ఒకాయన. మొలుస్తాయి, వాటికి పట్టించిన మందు కూడా కోడి కడుపులోకి పోతుంది.

అందరికీ నచ్చింది సీసా పరీక్ష. పొడి గాజు సీసాలో కొన్ని మక్కలు, రెండు చెంచాల పొడి ఉప్పు వేసి బాగా ఊపాలి. ఉప్పు సీసా గోడలకు అంటుకుంటే గింజలో తేమ 15 శాతం దాటినట్టే, నిల్వకు పనికిరాదు. ‘నావి గలగలలాడుతున్నాయి’ అని పందెం కట్టిన పెద్దమనిషి మక్కల సీసాకే ఉప్పు అంటుకుంది! మర్నాడే ఆయన టార్పాలిన్ పరిచి మళ్లీ ఆరబోశారు. ఎండలోంచి తీసిన గింజను చల్లారనివ్వకుండా డ్రమ్ములో పోసి మూత పెట్టకండి, లోపల చెమ్మ పడుతుంది. బస్తాలు గోడకు ఆనించకుండా చెక్కల మీద పెట్టండి. తవుడు త్వరగా ముక్కవాసన వస్తుంది, కొంచెం కొంచెంగానే తెచ్చుకోండి.

ఇంత చెప్పినా ‘బూజు పట్టింది, మనం తినలేం, కోళ్లకు వేద్దాం’ అనే మాట ఇంకా వినిపిస్తూనే ఉంది. బూజులోంచి వచ్చే అఫ్లాటాక్సిన్ అనే విషం కడిగినా, ఎండబెట్టినా, ఉడికించినా పోదు. కోడి కాలేయం పాడవుతుంది, గుడ్లు తగ్గుతాయి. అప్పుడు సంఘం ఇచ్చిన పిల్లలు మంచివి కావంటూ నాకే ఫోన్లు చేస్తారు.

భవనం ఇచ్చిన మహిళా సంఘం అక్కలకు, డబ్బు తీసుకోకుండా షామియానా వేసిన టెంట్ హౌస్ తమ్ముడికి, నూకలు, తవుడు ఇచ్చిన మిల్లు యజమానికి, టీలు మోసిన పిల్లలకు, రాత్రంతా మూటల దగ్గర కూర్చున్న ఇద్దరు చెల్లెళ్లకు సంఘం తరఫున కృతజ్ఞతలు. ముఖ్య అతిథిగా వస్తానని మాట ఇచ్చిన అధికారి గారి కోసం మధ్యాహ్నం దాకా చూశాం. రాలేదు, ఫోనూ ఎత్తలేదు. వాలంటీర్లుగా పేర్లిచ్చినవారిలో ఎక్కువమంది భోజనాల వేళకు మాత్రం తప్పకుండా వచ్చారు. వారి పేర్లు రాయడం లేదు, వారికే తెలుసు.

జమాఖర్చుల కాగితం గోడకు అంటించాం. కొద్దిగా మిగులే ఉంది. వివరాలు కోశాధికారి గారు చెబుతారు. చందా బాకీ ఉన్నవారు ఈ రోజే కట్టాలని మనవి.

కోళ్లకు వచ్చే కొక్కెర తెగులు (రాణిఖేత్) టీకాకు పేర్లు రాయించనివారు సమావేశం కాగానే నా దగ్గరికి రండి. మందు ఒకసారి కలిపాక కొద్ది గంటల్లో అయిపోవాలి, కాబట్టి ఎన్ని కోళ్లో ముందే తేలకుండా సీసాలు తెప్పించేది లేదు.

ఇట్లు,
కార్యదర్శి